కర్రపెండలం ముక్క అడిగిన ప్రశ్న

ఫిబ్రవరి నెలలో ఒక శుక్రవారం సాయంత్రం. ఆఫీసు నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పనే లేదు, సెకండరీ వన్ చదువుతున్న మా అమ్మాయి ఎదురొచ్చింది.

"నాన్నా, ఇవాళ స్కూల్లో మాకు తినడానికి ఏం పెట్టారో చెప్పుకో చూద్దాం!"

"నూడిల్సా?"

"కాదు. ఉడకబెట్టిన టాపియోకా. ఉప్పూ లేదు, కారమూ లేదు. యుద్ధం రోజుల్లో ఇక్కడివాళ్ళు మూడేళ్ళకు పైగా ఇదే తిన్నారట. ఇంతకీ టాపియోకాని తెలుగులో ఏమంటారు?"

"కర్రపెండలం. నువ్వు ఇష్టంగా తినే సగ్గుబియ్యం పాయసం దాంతోనే చేస్తారు. మన పెద్దాపురం, సామర్లకోట వైపు బోలెడు మిల్లులు ఉన్నాయి," అన్నాను.

సింగపూర్ లో పిల్లల్ని చదివిస్తున్న మనందరికీ ఫిబ్రవరి 15 సంగతి తెలిసిందే. 1942లో ఆ రోజున బ్రిటిష్ సైన్యం జపాను సైన్యానికి లొంగిపోయింది. ఆ సంగతి మరిచిపోకూడదని ఇక్కడి స్కూళ్ళలో ఏటా ఆ రోజును 'టోటల్ డిఫెన్స్ డే'గా జరుపుతారు. కొన్ని స్కూళ్ళు పిల్లలకి ఆనాటి తిండి రుచి చూపిస్తాయి. మా అమ్మాయి స్కూల్లో ఆ రుచితో పాటు ఒక డిబేటు కూడా పెట్టారు. "ఆయుధాల వ్యాపారం ప్రపంచాన్ని భద్రంగా ఉంచుతుందా?" అన్నది విషయం. చీటీ తీస్తే మా అమ్మాయి జట్టుకి "ఉంచుతుంది" అనే పక్షం వచ్చింది.

"నాకు ఆ పక్షం నచ్చలేదు నాన్నా. అయినా వాదించాలి. నువ్వు సాయం చెయ్యి," అంది.

నేను కంప్యూటర్ల మనిషిని. యుద్ధం, ఆకలి, ఆయుధాల బేరం లాంటివి టీవీలో వస్తే ఛానెల్ మార్చే రకం. "గూగుల్ లో వెతుక్కోమ్మా" అని తప్పించుకోబోయాను. మా చిన్నవాడు ఊరుకోలేదు. "అక్కావాళ్ళ స్కూల్లో ఇక్కడివాళ్ళు ఏం తిన్నారో చెప్పారు. మరి అప్పుడు మన తాతలు ఏం తిన్నారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు గూగుల్ లో జవాబు దొరకదు కదా!

నేను రోజూ నడిచే చోట

మర్నాడు శనివారం. పిల్లలిద్దరినీ తీసుకుని రాఫెల్స్ ప్లేస్ వెళ్ళాను. పదకొండేళ్ళుగా నా ఉద్యోగం ఆ చుట్టుపక్కలే. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఎం.ఆర్.టి. దిగి, పచ్చగడ్డి మీదుగా ఒక అద్దాల మేడలోకి నడుస్తాను. మధ్యాహ్నం లావ్ పా సాత్ లో భోజనం, సాయంత్రం మళ్ళీ అదే గడ్డి మీదుగా రైలు. ఇన్నేళ్ళలో అక్కడ ఆగి చుట్టూ చూసింది లేదు.

1941 డిసెంబర్ 8 తెల్లవారుజామున, నగరం ఇంకా నిద్రలో ఉండగా, జపాను విమానాలు సింగపూర్ మీద తొలి బాంబులు వేశాయి. అప్పటికి వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బాంబులు పడ్డ చోట్లలో రాఫెల్స్ ప్లేస్ ఒకటి. అక్కడే ఉండే రాబిన్సన్స్ దుకాణం దెబ్బతింది. ఆ దాడుల్లో 61 మంది చనిపోయారు. ఇంకో పది వారాలకు నగరం చేతులు మారింది.

ఆ తర్వాత వచ్చింది ఆకలి. ఈ చిన్న ద్వీపం అప్పుడూ ఇప్పుడూ తిండికి పరాయి దేశాల మీద ఆధారపడిందే. ఇప్పటికీ ఇక్కడ తినేదాంట్లో 90 శాతానికి పైగా ఓడల మీదో, లారీల మీదో, విమానాల మీదో రావలసిందే. యుద్ధంలో ఓడలు ఆగాయి. బియ్యానికి రేషను పెట్టారు. అదీ ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. అరటిచెట్టు బొమ్మ ఉన్న జపాను నోట్లకు విలువ పడిపోయి, బస్తాడు నోట్లు పట్టుకెళ్ళినా సంచెడు సరుకు రాని పరిస్థితి. జనం పెరట్లో, ఆటస్థలాల్లో కర్రపెండలం, చిలగడదుంప నాటుకుని ప్రాణాలు నిలుపుకున్నారు.

"ఇక్కడా బాంబు పడింది? ఈ గడ్డి మీదా?" అన్నాడు చిన్నవాడు కాళ్ళకింద చూసుకుంటూ. ఆ పక్కనే ఎవరో కాఫీ కప్పు పట్టుకుని ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నాకూ నమ్మబుద్ధి కాలేదు.

రంగం బియ్యం

ఇక "మన తాతలు ఏం తిన్నారు?" అన్న ప్రశ్న. మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న, అంటే సింగపూర్ పడిపోయిన ఏడు వారాలకే, అదే జపాను నౌకాదళపు విమానాలు బంగాళాఖాతం దాటి వచ్చి ఒకే రోజున విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా నాయనమ్మకి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఊరంతా సామాన్లు బళ్ళకెత్తుకుని పల్లెలకు పారిపోయిన సంగతి ఆవిడ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో! బాంబుల కంటే ఆవిడ ఎక్కువగా చెప్పింది మాత్రం బియ్యం గురించి. "రంగం బియ్యం రావడం ఆగిపోయింది నాయనా, అక్కడినుంచి మొదలు" అనేది.

రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో మన గోదావరి, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల నుంచి వేలాదిమంది పొట్ట చేతపట్టుకుని బర్మా వెళ్ళి, అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసేవారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు మీద వాళ్ళని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. అంటే మనమే మొదటి ప్రవాసులం కాదన్నమాట! మన ముందు తరం చేతుల్లో లాప్‌టాప్ లేదు, బియ్యం బస్తా ఉంది. అంతే తేడా. బర్మా నుంచి ఇండియాకి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కగానే ఆ బియ్యం ఆగింది. లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి కాలినడకన ఇండియా దారి పట్టారు. మా నాయనమ్మ పెద్దన్నయ్య కూడా అలా బయల్దేరాడు. ఇంటికి చేరలేదు.

మరుసటి ఏడాది, 1943లో, బెంగాల్లో కరువు వచ్చింది. 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. వానలు లేక వచ్చిన కరువు కాదది. బర్మా బియ్యం ఆగడం, జపాను సైన్యం చేతికి చిక్కకూడదని ప్రభుత్వమే పల్లెల్లో పడవల్నీ ధాన్యాన్నీ లాగేసుకోవడం, సైన్యం కొనుగోళ్ళు, ధరలు ఆకాశాన్నంటడం, 1942 అక్టోబర్ తుఫాను, అన్నీ కలిశాయి. కలకత్తాలో దుకాణాల్లో తిండి ఉండగానే వాటి ముందు జనం పడి చనిపోయారు.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. యుద్ధకాలపు ఆంక్షల వల్ల ఆ కరువు గురించి చాలా నెలలపాటు బయటి ప్రపంచానికి సరిగా తెలియలేదు. 1943 ఆగస్టు 22న కలకత్తా పత్రిక 'ది స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, ఆంగ్లేయుడై ఉండి కూడా, వీధుల్లో చనిపోతున్నవారి ఫోటోలు అచ్చు వేశారు. ఆ తర్వాతే ఢిల్లీలో, లండన్లో కదలిక వచ్చింది. ఆ కరువును తొమ్మిదేళ్ళ వయసులో కళ్ళారా చూసిన ఒక అబ్బాయి పెద్దయ్యాక ఆర్థికవేత్త అయ్యారు. ఆయనే అమర్త్య సేన్. 1998లో నోబెల్ బహుమతి అందుకున్నారు. జనం స్వేచ్ఛగా మాట్లాడుకోగలిగిన దేశంలో, పత్రికలు నిజం రాయగలిగిన చోట, పెద్ద కరువు రాదని ఆయన వాదన. ఎందుకంటే అక్కడ ప్రభుత్వం చూడనట్టు ఊరుకోలేదు.

అంటే కరువుకి తిండి లేకపోవడం ఒక కారణమైతే, మాట లేకపోవడం ఇంకో కారణం. పిల్లలకు ఇది చెప్తుంటే నా నోట్లోంచి వచ్చిన మాట నాకే గుచ్చుకుంది. ఛానెల్ మార్చేది నేనే కదా!

నా కీబోర్డు దాకా వచ్చిన గోధుమలు

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. ఇంతవరకూ మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. ఓడల్లో వెళ్ళే సరుకుకి బ్యాంకు హామీ ఇస్తుంది. అమ్మినవాడు సరుకు ఓడకెక్కించి కాగితాలు తెచ్చిస్తే బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది. చెల్లించే ముందు ఆ కాగితాల్లో ఉన్న ఓడ పేరు, యజమాని పేరు, రేవు పేరు, సరుకు పేరు అన్నిటినీ నిషేధిత జాబితాలతో పోల్చి చూడాలి. దొంగచాటుగా ఆయుధాలో, వాటి విడిభాగాలో వెళ్ళకుండా ఆపడానికి ఇది అవసరం. ఇక్కడ సింగపూర్ లో 2003 నుంచి అలాంటి సరుకుల మీద ప్రత్యేక చట్టం కూడా అమల్లో ఉంది. ఆ పోల్చే ప్రోగ్రాం రాసిన బృందానికి నేను పెద్దని.

పేర్లు రకరకాల స్పెల్లింగులతో వస్తాయి కాబట్టి, "ఇంత శాతం పోలిక ఉంటే ఆపు" అని ఒక అంకె పెడతాం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక జాబితాలు రాత్రికి రాత్రి పెరిగిపోయాయి. ఎందుకైనా మంచిదని నేను ఆ అంకెని కొద్దిగా తగ్గించాను. అంటే వల కన్నాలు చిన్నవి చేశానన్నమాట. పెద్ద చేపలతో పాటు చిన్న చేపలూ పడ్డాయి. ఆపిన కాగితాలు గుట్టలుగా పేరుకున్నాయి. నేను మాత్రం "ఇన్ని పట్టుకున్నాం" అని మీటింగులో గ్రాఫు చూపించి మెప్పు కొట్టేశాను.

ఒక రోజు ఒక వ్యాపారి నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆఫ్రికాలోని ఒక రేవుకి వెళ్ళాల్సిన అతని సరుకు కాగితాలు అయిదు రోజులుగా మా వరుసలో ఇరుక్కున్నాయి. కారణం, ఓడ యజమాని పేరు జాబితాలోని ఒక పేరుకి దగ్గరగా ఉంది. అంతే. ఆ మనిషికీ ఈ మనిషికీ ఏ సంబంధమూ లేదు. ఆ ఓడలో ఉన్నవి గోధుమలు.

మీటింగులో మేమందరం శాతాల గురించీ, సర్వర్ల గురించీ మాట్లాడుకుంటుంటే, కొత్తగా చేరిన ఒక చిన్నమ్మాయి చెయ్యెత్తి, "ఓడలో ఏముందో మన వరుసకి తెలుసా?" అని అడిగింది. గదిలో అందరం నిశ్శబ్దం. తెలియదు! తుపాకీ గుండ్లయినా, గోధుమలైనా మా ప్రోగ్రాంకి ఒకటే. వచ్చిన వరుసలో నిలబడాల్సిందే.

ఆ వారమే మార్చాం. జాబితా విషయంలో రాజీ లేదు. ఆహారం, మందులు అయితే మనిషి చేత ముందుగా తనిఖీ చేయించాలి. రాస్తే పది లైన్ల కోడు. నాకు ఎవరూ చీవాట్లు పెట్టలేదు. ఆ అయిదు రోజుల్లో ఎవరైనా పస్తున్నారో లేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. కానీ ఆ ప్రశ్న నేను అడగలేదు, ఇరవై ఏళ్ళు చిన్నదైన పిల్ల అడిగింది.

అప్పటికి ప్రపంచంలో ఏం జరుగుతోంది? ప్రపంచం ఎగుమతి చేసే గోధుమల్లో నాలుగో వంతుకి పైగా రష్యా, ఉక్రెయిన్లవే. ఆ రేవులు మూతపడితే ఎక్కడో ఉన్న ఈజిప్టులో రొట్టె, సోమాలియాలో గంజి ఖరీదయ్యాయి. 2022 జూలై 22న ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యవర్తిత్వంతో ఇస్తాంబుల్లో ఒప్పందం కుదిరి, ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నుల ధాన్యం నల్లసముద్రం మీదుగా బయటికి వచ్చింది. ఒకపక్క యుద్ధం జరుగుతుండగానే! మాట్లాడుకుంటే ఏమవుతుందనే వాళ్ళకి ఇదొక జవాబు. 2023 జూలై 17న రష్యా అందులోంచి తప్పుకుంది.

ఆ తర్వాత మూడు రోజులకే, మన దేశంలో ధరలు పెరుగుతున్నాయని ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది. గుర్తుందా? అమెరికాలో మన తెలుగువాళ్ళు సోనా మసూరి కోసం దుకాణాల ముందు బారులు తీరి, కార్ల నిండా బస్తాలు వేసుకున్న వీడియోలు మనందరి ఫోన్లలో తిరిగాయి. మనం నవ్వుకున్నాం. నవ్వుతూనే ముస్తఫాలో ఇంకో రెండు బస్తాలు కొన్నాం! సింగపూర్ దిగుమతి చేసుకునే బియ్యంలో సుమారు 40 శాతం అప్పటికి ఇండియాదే. సింగపూర్ అడిగితే ఆగస్టు చివరికి 50,000 టన్నులకు ప్రత్యేక అనుమతి వచ్చింది. అడగగలిగిన దేశం కాబట్టి వచ్చింది. అడిగే గొంతు లేని దేశాల సంగతేమిటి?

ఆదివారం చర్చ

నెలకొక ఆదివారం నాలుగైదు కుటుంబాలు కలిసి భోంచేయడం మాకు అలవాటు. తలా ఒక వంటకం తెచ్చుకుంటాం, తర్వాత అంత్యాక్షరి. ఈసారి అంత్యాక్షరి బదులు మా అమ్మాయి డిబేటుకి తయారీగా చర్చ పెట్టాం. పిల్లలు రెండు జట్లు, పెద్దలు ప్రేక్షకులు.

మా అమ్మాయి మొదలుపెట్టింది. "1942లో సింగపూర్ లో కొత్త రకం యుద్ధ విమానాలు సరిపడా లేవు, ట్యాంకులు లేవు. అందుకే పడిపోయింది. విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఆపడానికి అక్కడా సరైన ఏర్పాటు లేదు. చిన్న దేశాలు అన్ని ఆయుధాలూ సొంతంగా చేసుకోలేవు. కొనుక్కోకపోతే ఎలా?"

పక్కింటి కుర్రాడు లేచాడు. "2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు. ఇది స్టాక్‌హోంలోని సిప్రి సంస్థ లెక్క. అదే ఏడాది కడుపు నిండా తినలేనివాళ్ళు 67 కోట్ల మంది. ఇది ఐక్యరాజ్యసమితి లెక్క. ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఆ ఏడాది మొత్తం అందిన విరాళాలు వెయ్యి కోట్ల డాలర్ల లోపే. అంటే ప్రపంచం సైన్యాల మీద ఒకటిన్నర రోజు పెట్టే ఖర్చు కన్నా తక్కువ!"

పెద్దలందరం ముక్కున వేలేసుకున్నాం. ఒక ఆంటీ మాత్రం, "బాబూ, ఆ డబ్బు ఇటు తిప్పితే ఆకలి పోతుందా? సూడాన్లో 2023 ఏప్రిల్లో యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టుకి జంజం శిబిరంలో కరువని ప్రకటించారు. 2025 ఆగస్టులో గాజాలోనూ కరువు ఉందని నిర్ధారించారు. రెండు చోట్లా తిండి కొనడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, తిండిని లోపలికి వెళ్ళనివ్వకపోవడం అసలు బాధ," అన్నారు. ఆకలిని ఆయుధంగా వాడటాన్ని ఖండిస్తూ భద్రతా మండలి 2018 మే నెలలోనే తీర్మానం చేసిందని కూడా ఆవిడే చెప్పారు. తీర్మానం కాగితం మీద ఉంటే సరిపోదన్నది కూడా ఆవిడ మాటే.

అంతవరకూ మాట్లాడకుండా ఉన్న ఒక తాతగారు అప్పుడు గొంతు సవరించుకున్నారు. హైదరాబాదులో రక్షణ రంగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరై, మనవల్ని చూడటానికి వచ్చారు. హైదరాబాదు మన దేశపు క్షిపణుల పుట్టిల్లని మనకు తెలుసు కదా. కంచన్‌బాగ్ చుట్టుపక్కల మన బంధువుల్లో ఒకరైనా పనిచేయని తెలుగు కుటుంబం తక్కువేమో!

"తల్లీ, నేను చేసిన పనికి నేను సిగ్గుపడను. ఇంటికి తలుపు ఉండాలి, తలుపుకి గడియ ఉండాలి," అన్నారు ఆయన. "మా కలాం గారు క్షిపణి కోసం తయారు చేసిన తేలిక పదార్థంతో పోలియో పిల్లలకి కాలి ఊతాలు చేయించారు. మూడు కిలోల బరువు మోసే పిల్లలు మూడు వందల గ్రాములతో నడిచారు. నిమ్స్ ఆసుపత్రిలో ఆ పిల్లలు పరుగెడుతుంటే తల్లిదండ్రుల కళ్ళలో నీళ్ళు. ఒకే వస్తువు, రెండు పనులు. అందుకని వస్తువుని తిట్టి లాభం లేదు."

కాసేపు ఆగి మళ్ళీ అన్నారు. "కానీ ఒక మాట. మా రోజుల్లో మనకోసమే చేశాం. ఇప్పుడు అమ్ముతున్నాం కూడా. హైదరాబాదుతో సంబంధం ఉన్న బ్రహ్మోస్ ని ఫిలిప్పీన్స్ 2022లో కొంది, 2024 ఏప్రిల్లో మొదటివి అందాయి. ఆకాశ్ ని ఆర్మీనియా కొంది. 2020 నుంచి 2024 వరకు ఆయుధాలు కొన్న దేశాల్లో ఉక్రెయిన్ తర్వాత రెండో స్థానం మనదే. కొనేవాళ్ళం, అమ్మేవాళ్ళం, రెండూ మనమే. మనకోసం చేసుకున్నప్పుడు 'ఎంత దూరం వెళ్తుంది?' అని అడిగితే చాలు. అమ్మడం మొదలుపెట్టాక 'ఎవరి చేతికి వెళ్తుంది? వాళ్ళు ఎవరి మీద వాడతారు?' అని కూడా అడగాలి. చేసినవాడికి ఆ ప్రశ్న అడిగే బాధ్యత ఉంది."

నాకు ఆ గోధుమల ఓడ గుర్తొచ్చింది. ఓడలో ఏముందో మన వరుసకి తెలుసా?

మాటకి ఎంత బలం?

ఆ రాత్రి మా అమ్మాయీ నేనూ కూర్చుని వెతికాం. ఎవరికి అమ్ముతున్నామో అడగాలనే ఆ ప్రశ్న చట్టంగా మారిన కథ ఒకటి దొరికింది. 1997లో కోస్టారికా మాజీ అధ్యక్షుడు ఆస్కార్ ఆరియాస్ మరికొందరు నోబెల్ శాంతి గ్రహీతలతో కలిసి, ఆయుధాల అమ్మకానికి ఒక నీతి నియమావళి ఉండాలని కోరారు. అప్పుడు దాన్ని పగటికలగా కొట్టిపారేసినవాళ్ళు చాలామంది. 2003లో ఆమ్నెస్టీ, ఆక్స్‌ఫాం లాంటి సంస్థలు ప్రచారం మొదలుపెట్టాయి. దేశదేశాల మామూలు జనం తమ ఫోటోలు పంపి మద్దతు తెలిపారు. అలా పోగైన పది లక్షల ముఖాలను 2006లో ఐక్యరాజ్యసమితి ముందు పెట్టారు. 2013 ఏప్రిల్ 2న ఆయుధ వ్యాపార ఒప్పందం ఓటుకి వచ్చింది. 154 దేశాలు అవునన్నాయి, 3 కాదన్నాయి, 23 తటస్థంగా ఉన్నాయి. సింగపూర్ అవునంది. ఇండియా తటస్థంగా ఉంది. అమ్మే దేశాల బాధ్యతలకూ కొనే దేశాల బాధ్యతలకూ మధ్య సమతూకం లేదన్నది మన ప్రభుత్వ వాదన. 2014 డిసెంబర్ 24 నుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది. మారణహోమానికి వాడతారని తెలిసి ఆయుధం అమ్మకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు.

"మరి యుద్ధాలు ఆగాయా?" అంది మా అమ్మాయి.

ఆగలేదు. పెద్ద అమ్మకందార్లలో రష్యా చేరనే లేదు. అమెరికా సంతకం చేసి, 2019లో వెనక్కి తగ్గింది. కానీ ఇదివరకు అరటిపండ్ల వ్యాపారానికి ఉన్నన్ని అంతర్జాతీయ నియమాలు కూడా తుపాకుల వ్యాపారానికి లేవని చెప్పుకునేవారు. ఇప్పుడు కనీసం "ఎందుకు అమ్మావు?" అని కోర్టులో నిలదీయడానికి ఒక కాగితం ఉంది. స్టేట్స్‌మన్ ఫోటోలు అచ్చయ్యేసరికే లక్షల ప్రాణాలు పోయాయి. అయినా అవి రాకపోతే ఇంకెన్ని పోయేవో!

డిబేటులో మా అమ్మాయి జట్టు ఓడిపోయింది. రెండు రోజులు అలిగింది. మూడో రోజు, "నాకు నచ్చని పక్షం వాదించాను కాబట్టి ఇప్పుడు నా పక్షం నాకు ఇంకా బాగా తెలిసింది," అంది. అంతకంటే ఏం కావాలి!

మొన్న మళ్ళీ రాఫెల్స్ ప్లేస్ నుంచి హాంగ్ లిమ్ పార్కు దాకా నడిచాం, పది పదిహేను నిమిషాల దూరం. 2000 సెప్టెంబర్ 1న అక్కడ స్పీకర్స్ కార్నర్ మొదలైంది. అక్కడ మాట్లాడే వీలు ఈ దేశపు పౌరులకే. మనం అతిథులం, ఇంటివారి పద్ధతి పాటించాలి. ఆ మధ్యాహ్నం అక్కడ ఎవరూ లేరు. ఒక బోర్డు, కొంచెం గడ్డి, చెట్టు నీడన ఒక పెద్దాయన కునుకు. "మరి మనం ఎక్కడ మాట్లాడాలి?" అన్నాడు చిన్నవాడు. "మన భోజనాల బల్ల దగ్గర," అంది అక్క.

అందుకే మిత్రులారా, ఈ వ్యాసం. మనం పండగలకి కలుస్తాం, సినిమాల గురించి గంటలు గంటలు వాదించుకుంటాం. పిల్లల ముందు యుద్ధం, ఆకలి మాట వస్తే "పెద్దవాళ్ళ గొడవ, మనకెందుకు" అంటాం. కానీ మన జీతాలు ఆ అద్దాల మేడల్లోంచే వస్తున్నాయి, మన బియ్యం ఆ ఓడల మీదే వస్తోంది, మన బంధువులు ఆ కర్మాగారాల్లోనే పనిచేస్తున్నారు. మనకు కాకపోతే ఇంకెవరికి?

పిల్లలూ, ఇది మీ కోసం

ఈ సెలవుల్లో మూడు పనులు చేసి చూడండి. ఒకటి, మీ వంటింట్లో ఉన్న బియ్యం, పప్పు, నూనె పాకెట్ల మీద ఏ దేశం పేరు ఉందో రాసుకుని, ప్రపంచ పటంలో గుర్తు పెట్టండి. వాటిలో ఎన్ని యుద్ధం దగ్గరగా ఉన్న సముద్రాలు దాటి వచ్చాయో అమ్మానాన్నలతో కలిసి చూడండి. రెండు, మీ అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో ఫోను చేసి, వాళ్ళ పెద్దవాళ్ళు యుద్ధం రోజుల్లో, కరువు రోజుల్లో ఏం తిన్నారో అడగండి. చెప్పింది తెలుగులో ఒక పేజీ రాయండి. మూడు, మీకు నచ్చని పక్షాన్ని ఒక్కసారి వాదించండి. కోపం లేకుండా, ఏ దేశాన్నీ, ఏ మతాన్నీ తిట్టకుండా, అంకెలతో.

నేను కాకినాడలో ఉన్న మా అమ్మకి ఫోను చేశాను. నాయనమ్మ అన్నం తిన్నాక కంచంలో ఒక్క మెతుకు కూడా వదలకపోవడం మనందరికీ గుర్తే. అది పొదుపు అనుకునేవాణ్ణి. "కాదురా," అంది అమ్మ. "రంగం నుంచి రాని వాళ్ళ అన్నయ్య కోసం ఆవిడ ప్రతి రోజూ మొదటి ముద్ద పక్కన పెట్టి కాకికి వేసేది. మిగతాది వదలకుండా తినేది. ఎందుకని మీరెవరూ ఎప్పుడూ అడగలేదు."

అవును, అడగలేదు. మా పిల్లలు అడుగుతున్నారు. మీ పిల్లల్ని కూడా అడగనివ్వండి.